కార్తీకం పెళ్లిళ్లకు ముందు: చిన్న కెమెరా ఫొటోను ఎంత పెద్దగా ప్రింటు వేయించవచ్చు?

చెన్నైలో కార్తీక మాసమంటే పెళ్లిళ్లూ, ఈశాన్య రుతుపవనాల వానలూ కలిసి వచ్చే కాలం. బీరువాలోని చిన్న డిజిటల్ కెమెరా బయటికొచ్చేదీ అప్పుడే. దాని వెనక ఉన్న మూడంగుళాల తెరమీద ఏ ఫొటో అయినా బాగానే కనిపిస్తుంది. అదే ఫొటోను తాతయ్య షష్టిపూర్తి గుర్తుగా 16×24 అంగుళాల ఫ్రేము కట్టిస్తే ముఖాలు మైనం పూసినట్టు, పట్టుచీర జరీ అలికేసినట్టు వస్తాయి. అప్పుడిక చేయగలిగేది చాలా తక్కువ. అందుకే ఈ జాగ్రత్తలన్నీ ముహూర్తానికి ముందు.

ముందు లెక్క. చేత్తో పట్టుకుని చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు (ఫొటోను కూర్చే రంగు చుక్కలు) ఉంటే మేలు. 200 ఉన్నా చాలామందికి తేడా తెలియదు. గోడకు తగిలించి నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసేదానికి 150 చాలు. 12 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఫొటో 4000×3000 పిక్సెళ్లు. 8×12కు అంగుళానికి 333 వస్తాయి, 12×18కు 222, 16×24కు 167. ఫైలు వివరాల్లో 72 అనో 180 అనో కనిపించే డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంకెను చూసి కంగారు పడకండి. అది ఒట్టి చీటీ. లెక్కకు వచ్చేది మొత్తం పిక్సెళ్లే.

అయితే ఈ లెక్క మంచి వెలుతురులో తీసిన ఫొటోకే వర్తిస్తుంది. మామూలు చిన్న కెమెరాల్లో ఉండే 1/2.3 అంగుళాల రకం సెన్సరు (వెలుతురును పట్టే చిప్పు) నిజానికి 6.2×4.6 మిల్లీమీటర్లు, అంటే చిటికెనవేలి గోరుకన్నా చిన్నది. 36×24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సరు దానికి 30 రెట్లు. అంత చిన్న చోట కోటి ఇరవై లక్షల పిక్సెళ్లు ఇరికిస్తే ఒక్కోదానికి అందే వెలుతురు చుక్కంత. మండపం లోపల వెలుతురు తగ్గగానే కెమెరా వెలుతురుకు స్పందించే తీవ్రతను, అంటే ఐఎస్‌ఓ పెంచుతుంది, ఇసుక రాల్చినట్టు నాయిస్ వస్తుంది, దాన్ని తుడవబోయి కెమెరాయే వెంట్రుకలనూ జరీనీ కలిపి నున్నగా చేసేస్తుంది. 20 మెగాపిక్సెళ్లని డబ్బా మీద రాసి ఉన్నా ఈ సైజు సెన్సరులో లాభం తక్కువే. మా అంచనా ఇది: ఐఎస్‌ఓ 100 దగ్గర పగటిపూట తీసింది 12×18కు ధైర్యంగా ఇవ్వచ్చు, 400 దాటితే 8×12తో ఆగాలి, 800, 1600ల్లో తీసినవి 4×6, మహా అయితే 5×7. ఒక అంగుళం రకం సెన్సరున్న కెమెరా అయితే ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు.

నమ్మకం కుదరకపోతే ఫొటోను కంప్యూటర్లో 100 శాతానికి పెంచి, పెళ్లికూతురి జడలో మల్లెపూలు చూడండి. రేకు రేకూ విడిగా కనిపిస్తే పెద్ద ప్రింటు తట్టుకుంటుంది. తెల్లటి ముద్దలా ఉంటే తట్టుకోదు.

కెమెరా మెనూలో ముందురోజే నాలుగు పనులు చేయండి. ఇమేజ్ సైజు ‘ఎల్’, క్వాలిటీ ‘ఫైన్’ పెట్టండి. ఫొటో మూలన పడే తేదీ ముద్ర తీసేయండి, అది బొమ్మలో కలిసిపోతుంది. డిజిటల్ జూమ్ ఆపేయండి. రెండు రెట్ల డిజిటల్ జూమ్ అంటే 12లో మిగిలేది 3 మెగాపిక్సెళ్లే. మెమరీ కార్డు కొత్తది కొంటుంటే, ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీటులో చవగ్గా దొరికిందని 64 జీబీ తెచ్చుకుంటే పాత కెమెరా చదవకపోవచ్చు. ఎస్‌డీహెచ్‌సీ అనే కార్డు రకం పేరు రాసున్న కెమెరాకు హద్దు 32 జీబీ.

ఆప్టికల్ జూమ్‌కూ ఒక వెల ఉంది. జూమ్ చేయనప్పుడు లెన్సు ఎఫ్ 2.8 దగ్గర తెరుచుకుంటే, పూర్తి జూమ్‌లో ఎఫ్ 5.9కి ముడుచుకుపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది). లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతు కూడా ఉండదు. జూమ్ చేసేకన్నా నాలుగడుగులు ముందుకు వెళ్లడం మంచిది. ఫ్లాష్ మూడు మీటర్ల అవతల పెద్దగా పనిచేయదు కాబట్టి వెనక కుర్చీలోంచి తీస్తే ముందువరస వాళ్ల వీపులే తెల్లగా వస్తాయి. గోడకెక్కాల్సిన కుటుంబం ఫొటోను వేదిక మీది ఊదా, గులాబీ లైట్ల కింద తీయకండి. పగలు మండపం వాకిట్లో, నీడపట్టున పెద్దవాళ్లను కూర్చోబెట్టి, కెమెరాను కుర్చీ వీపు మీద ఆనించి, రెండు సెకన్ల టైమరుతో తీయండి. ఒకటికి నాలుగు తీయండి, ఎవరో ఒకరు కన్ను మూస్తారు.

చాలామంది పోగొట్టుకునేది ఫొటో అంచుల్లో. చిన్న కెమెరా ఫొటో 4:3, కాగితం 4×6 అంటే 3:2. కాగితం నిండా వేస్తే ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. తలంబ్రాలు పోసేటప్పుడు చేతులు తలలకన్నా పైకి లేస్తాయి, సరిగ్గా ఆ వేళ్లూ బియ్యమూ కోతలో పోతాయి. తీసేటప్పుడే పైనా కిందా బెత్తెడు ఖాళీ వదలండి. లేదా తెల్ల అంచుతోనైనా సరే, మొత్తం బొమ్మ రావాలని స్టూడియోలో ముందే చెప్పండి.

ఫైలును స్టూడియోకు మామూలుగా వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. 12×18కు అంగుళానికి 89! డాక్యుమెంటుగా పంపండి, లేదా కార్డూ పెన్‌డ్రైవూ చేతికివ్వండి. ఫొటోను మార్చి మార్చి జేపెగ్‌గా సేవ్ చేయకండి, సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. తెర వెలుగు పూర్తిగా పెంచి సరిచేసిన ఫొటో కాగితం మీద చీకటిగా వస్తుంది, సగానికి తగ్గించి చూడండి.

పెద్ద ప్రింటుకు డబ్బు కట్టే ముందు ముక్క పరీక్ష చేయించండి. 16×24 అనుకుంటే, 4000 పిక్సెళ్ల ఫొటోలో ముఖాలున్న చోట 1000×667 పిక్సెళ్ల ముక్క కత్తిరించి 4×6 వేయించండి. పెద్ద ప్రింటులో ఆ ముఖాలు అచ్చం అంతే పెద్దగా, అంతే స్పష్టంగా ఉంటాయి. 12×18కైతే 1333×889. నాలుగడుగుల దూరంలో పెట్టి చూసి నచ్చకపోతే ఒక సైజు తగ్గించండి.

వానాకాలం కాబట్టి ఇంకొక్కటి. ఏసీ హాల్లోంచి చల్లబడ్డ కెమెరాను బయటి ఉక్కలోకి తెస్తే లెన్సుకు ఆవిరి పడుతుంది. ముడుచుకునే లెన్సు ముందుకు సాగేటప్పుడు తేమగాలిని లోపలికి లాక్కుంటుంది. లోపలి గాజు మీద పట్టిన మసక ఇంట్లో తుడిస్తే పోదు. హాల్లో ఉండగానే జిప్ కవరులో మూసేసి, బయటికొచ్చాక అరగంట ఆగి తెరవండి. ఇంట్లో డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఫ్రేము కట్టేటప్పుడు ప్రింటుకూ అద్దానికీ మధ్య మౌంటు అట్ట వేయమనండి. ఈ తేమకు గ్లాసీ కాగితం అద్దానికి అంటుకుంటే, ఊడదీసేటప్పుడు ముఖం రంగు అద్దంతో పాటు వచ్చేస్తుంది.