డబుల్ ఐపీఏ రుచి తెలియడం లేదా? సీసాను తిట్టే ముందు గ్లాసు చూడండి

విజయవాడలో మా మిత్రుల్లో ఎవరు ఖరీదైన డబుల్ ఐపీఏ తెరిచినా నాకు ఒకటే ఫోను: "అన్నా, చేదు తప్ప ఏమీ లేదు, సరుకు పాతదేమో." చేదూ వాసనా ఇచ్చే హాప్స్ అనే పూలు దండిగా వేసిన, 8 శాతం ఆల్కహాలున్న, నారింజ తొక్కో, మామిడో, దేవదారు బంకో గుర్తుకు రావలసిన బీరు అది. నేను చూసినంతలో తప్పు సీసాలో ఉండేది తక్కువ.

వాసన లేదు, చేదే తగులుతోంది: ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోశారు. 4 డిగ్రీల చల్లదనంలో హాప్స్ వాసన పైకి లేవదు. 8 నుంచి 12 డిగ్రీలకు రానివ్వండి. మే నెలలో మన ఇళ్లలో పది నిమిషాలు బల్ల మీద ఉంచితే చాలు. ఇది చేయకుండా నాకు ఫోను చేయవద్దు.

గొంతు మండుతోంది: పక్కన గుంటూరు కారం చల్లిన పల్లీలు ఉన్నాయి కదా! కారం మంటను ఆల్కహాలు ఇంకా రేపుతుంది. ముందు బీరు, తరువాత పల్లీలు. మధ్యలో మరమరాలు, మంచినీళ్లు.

నురగ నిలవడం లేదు, రుచి చప్పగా ఉంది: నన్ను ఏడిపించింది ఇదే. చేదునిచ్చే ఐసో ఆల్ఫా ఆమ్లాలే నురగను కూడా పట్టి ఉంచుతాయి. కాబట్టి ఇంత చేదైన బీరుకు నురగ నిమిషంలో చచ్చిపోతే ముందు గ్లాసును అనుమానించాలి. ఆ సంగతి తెలియక మూడు సీసాలు సింకులో పోశాను. నాలుగోదాన్ని సగం కొత్త గ్లాసులో, సగం పాత గ్లాసులో పోస్తే దొంగ దొరికాడు. పొద్దున మజ్జిగ తాగిన గ్లాసు, ఆవకాయ పళ్లెం తోమిన పీచుతోనే తోమిన గ్లాసు! కంటికి తళతళలాడుతూనే ఉంది.

పరీక్ష సులువు. గ్లాసు లోపల తడిపి ఉప్పు చల్లండి. జిడ్డున్న చోట ఉప్పు అంటదు. బీరు పోశాక గోడకు బుడగలు గుంపుగా అతుక్కున్నా అదే లెక్క. శుభ్రమైన గ్లాసులో గుక్క గుక్కకూ నురగ చార మిగులుతుంది.

వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి, వేరే పీచుతో తోమండి. బోరు నీళ్ల తెల్లపొర ఉంటే నిమ్మరసంలో పావుగంట నానబెట్టండి. బాగా తొలవండి, మిగిలిపోయిన సబ్బు కూడా నురగను చంపుతుంది. గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. నేను రెండు గ్లాసులు విడిగా దాచుకున్నాను. వాటిని దేవుడి గదిలో పెట్టుకోమని ఇంట్లో వెక్కిరింపు.

తడిసిన అట్ట వాసన, తేనె తీపి: పాతబడింది, లేదా ఎండలో ఉడికింది. దానికి మందు లేదు. ఈసారి తేదీ చూసి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే చోట కొనండి. పచ్చ సీసా, తెల్ల సీసా అయితే వెలుతురు తగిలి కూడా కంపు కొడుతుంది. డబ్బా (క్యాన్) బీరుకు ఆ బాధ లేదు.

వెన్న వాసన, వెనిగర్ పులుపు అరుదు. తగిలితే పారబోయండి. మబ్బుగా కనిపిస్తే కంగారు వద్దు, కావాలనే మబ్బుగా చేసే హేజీ రకాల తీరే అంత.