సరస్సు ఒడ్డు చెక్క క్యాబిన్‌కు గది కలపాలంటే: మిన్నెసోటాలో దరఖాస్తు విధానం

రెండు గదుల క్యాబిన్ ఎంత ఇరుకో ఊరి నుంచి అమ్మానాన్నలు వేసవికి వచ్చినప్పుడు తెలుస్తుంది. నీళ్లవైపు ఇంకో పడకగది, దానికి పెద్ద కిటికీ అని మనసులోనే ప్లాన్ గీసేసుకుంటాం. మిన్నెసోటాలో ఆ ప్లాన్ కాగితం మీదికి రాకముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. నీటి గీతకు మీ క్యాబిన్ ఎన్ని అడుగుల దూరంలో ఉంది? సెప్టిక్ సిస్టమ్ ఏ స్థితిలో ఉంది? ఈ రెండూ తెలియకుండా ఆర్కిటెక్ట్‌కు అడ్వాన్స్ ఇవ్వకండి.

ముందు కొలత

సరస్సు నుంచి 1,000 అడుగుల లోపు భూమి షోర్‌ల్యాండ్ (ఒడ్డు భూమి) నియమాల కిందికి వస్తుంది. కనీస ప్రమాణాలు రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖవి (డీఎన్ఆర్ అంటారు). అనుమతి ఇచ్చేది మాత్రం కౌంటీ ప్లానింగ్, జోనింగ్ ఆఫీసు, సిటీ పరిధిలో ఉంటే సిటీ. కౌంటీ ఇంకా కఠినంగా నియమాలు పెట్టుకోవచ్చు. ఇక్కడ చెప్పే అంకెలు రాష్ట్రానివి కాబట్టి మీ కౌంటీ ఆర్డినెన్స్‌తో, అంటే అక్కడి స్థానిక నిబంధనలతో సరిచూసుకోండి.

మురుగు లైన్ లేని చోట ఇల్లు ఎంత దూరంలో ఉండాలన్నది సరస్సు తరగతిని బట్టి మారుతుంది. నేచురల్ ఎన్విరాన్‌మెంట్ సరస్సుకు 150 అడుగులు, రిక్రియేషనల్ డెవలప్‌మెంట్‌కు 100, జనరల్ డెవలప్‌మెంట్‌కు 75. మీ సరస్సు ఏ తరగతో డీఎన్ఆర్ వారి లేక్‌ఫైండర్ వెబ్‌సైట్‌లోనో కౌంటీ ఆఫీసులోనో తెలుస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ దూరాన్ని ఇవాళ నీళ్లు ఎక్కడున్నాయో అక్కడి నుంచి కొలవరు. నీళ్లు చాలాకాలం నిలిచి నేల మీద తమ గుర్తు వదిలిన ఎత్తు ఒకటి ఉంటుంది. మామూలుగా నీటి మొక్కలు ఆగిపోయి నేల మొక్కలు మొదలయ్యే చోటు అది. అక్కడి నుంచి కొలుస్తారు, నీటి గీత అంటే అదే. హైదరాబాద్‌లో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ జోన్ అన్న మాటలు విన్నవాళ్లకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. వాన తక్కువైన ఏడాది టేపు పట్టుకుని కొలిచి ధైర్యపడొద్దు, లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో గుర్తు పెట్టించండి.

పాత క్యాబిన్లు చాలావరకు ఈ నియమాలు రాకముందు కట్టినవి, నీటికి బాగా దగ్గరగా ఉంటాయి. వాటిని రిపేరు చేసుకోవచ్చు, అదే కొలతలో మళ్లీ కట్టుకోవచ్చు కూడా. పెంచడానికి మాత్రం ఆ హక్కు వర్తించదు. అందుకే నా సలహా ఒకటే: గదిని రోడ్డువైపుకు, అంటే నీటికి వీలైనంత దూరంగా గీయించండి. క్యాబిన్ మొత్తం ఉండాల్సిన దూరం కంటే నీటికి దగ్గరగానే ఉన్నా, వెనక్కి పెరగడానికి కొన్ని కౌంటీల ఆర్డినెన్స్‌లో వీలుంటుంది. నీళ్లు చూడాలనుకుంటే డెక్ ఉంది. వేరే అనువైన చోటు లేకపోతే, పైకప్పూ దోమతెరా లేని చెక్క డెక్‌ను పాత క్యాబిన్‌కు వేరియెన్స్ (నియమం నుంచి ప్రత్యేక మినహాయింపు) లేకుండానే కలపవచ్చని రాష్ట్ర నియమం చెబుతుంది. అది ఇప్పుడున్న దూరంలో 15 శాతానికి మించి ముందుకు రాకూడదు, నీటి గీతకు 30 అడుగుల లోపుకు పోకూడదు.

కప్పులు, సిమెంటు, దారి అన్నీ కలిపి స్థలంలో 25 శాతం దాటకూడదు. 20,000 చదరపు అడుగుల స్థలమైతే 5,000. వాన నీరు నేలలోకి ఇంకకపోతే మట్టినీ ఎరువునూ మోసుకుని నేరుగా సరస్సులోకి పోతుంది, నీళ్లకు పచ్చటి నాచు పడుతుంది. ఈ నియమం మనల్ని ఇబ్బంది పెట్టడానికి పెట్టింది కాదు.

పడకగది అంటే సెప్టిక్

హాలు పెంచడం వేరు, పడకగది కలపడం వేరు. పడకగదుల సంఖ్యను బట్టి సెప్టిక్ సామర్థ్యాన్ని లెక్కగడతారు. సిస్టమ్ నిబంధనల ప్రకారం ఉందని సర్టిఫికెట్ లేకుండా పడకగదికి పర్మిట్ ఇవ్వకూడదని రాష్ట్ర చట్టం చెబుతోంది. లైసెన్స్ ఉన్న ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు. పాత సిస్టమ్‌కు ఇచ్చే సర్టిఫికెట్ మూడేళ్లు, కొత్తదానికి ఐదేళ్లు చెల్లుతుంది. ఫెయిలైతే కొత్త సిస్టమ్ ఖర్చు గది ఖర్చుకు తోడవుతుంది. ఆ టెన్షన్ గోడలు లేచాక కాకుండా ముందే తీర్చుకోవడం మంచిది. కొత్త డ్రెయిన్‌ఫీల్డ్‌కు (ట్యాంక్ నీరు నేలలోకి ఇంకే చోటు) కూడా స్థలం కావాలి కాబట్టి గది ఎక్కడ రావాలో చివరికి అదే నిర్ణయించవచ్చు.

దరఖాస్తు

ఫారంతో పాటు సైట్ ప్లాన్ ముఖ్యం. అందులో స్థలం హద్దులు, నీటి గీత, క్యాబిన్, కొత్త గది, బావి, సెప్టిక్ ట్యాంక్, డ్రెయిన్‌ఫీల్డ్, దారి అన్నీ దూరాలతో సహా చూపాలి. ఫ్లోర్ ప్లాన్, ఎత్తు తెలిపే బొమ్మలు, సెప్టిక్ సర్టిఫికెట్, ఫీజు జత చేయాలి. అన్నీ సరిగ్గా ఉన్న దరఖాస్తు మీద 60 రోజుల్లో నిర్ణయం రావాలని చట్టం. కారణం రాసి తెలిపి ఇంకో 60 రోజులు పొడిగించుకునే వీలు వాళ్లకుంది. ఏదైనా కాగితం తక్కువైతే 15 పనిదినాల్లో రాతపూర్వకంగా చెప్పాలి.

దూరం చాలకపోతే వేరియెన్స్ అడగాలి. ఇలాంటి మినహాయింపులను తేల్చే బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ ముందు బహిరంగ విచారణ జరుగుతుంది. చుట్టుపక్కల యజమానులకు నోటీసు వెళ్తుంది, డీఎన్ఆర్‌కు కనీసం పది రోజుల ముందు తెలియజేస్తారు. బోర్డు చూసేది ఆచరణలో నిజమైన ఇబ్బంది ఉందా అని. మీరు అడిగే వాడకం సబబైనదా? ఇబ్బంది ఆ స్థలానికే ప్రత్యేకమైనదా, లేక మీరు తెచ్చుకున్నదా? చుట్టుపక్కల తీరు మారిపోతుందా? డబ్బు ఎక్కువవుతుందన్న ఒక్క కారణం చాలదు. ‘మా అమ్మానాన్నలకు గది కావాలి’ అన్నది నిజమే అయినా అది కుటుంబం అవసరం, స్థలానికున్న ఇబ్బంది కాదు. వెనక ఏటవాలు కొండ ఉంది, పక్కన చిత్తడి నేల ఉంది, అందుకే వేరే చోటు లేదు అని ఫొటోలతో చూపండి. ఒడ్డున స్థానిక మొక్కల పట్టీ పెంచుతానని మీరే ముందుగా రాసివ్వండి. బోర్డు అలాంటి షరతు పెట్టే అవకాశం ఎలాగూ ఉంటుంది. నిర్ణయం నచ్చకపోతే, కౌంటీ విషయంలో 30 రోజుల్లో జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు.

డ్రాయింగ్‌లో చూడాల్సినవి

రాష్ట్రం ఉత్తర భాగంలో పునాది 60 అంగుళాల లోతుకు, దక్షిణాన 42కు పోవాలి. అంతకంటే పైన వేస్తే గడ్డకట్టిన నేల పునాదిని పైకి తోస్తుంది. పాత దుంగల గోడకు కొత్త గది గోడను బిగించేయకండి. దుంగలు ఎండేకొద్దీ గోడ కుంగుతుంది, కొత్త దుంగలైతే మరీను. అందుకే రెండూ విడిగా కదిలేలా జారే జాయింట్ ఇవ్వాలి. పాత కప్పు మీది మంచు జారి కొత్త కప్పు మీద పడుతుందేమో చూసుకోండి, ఆ బరువును ఇంజనీర్‌తో లెక్కకట్టించండి.

మే నెలలో తవ్వకం మొదలుపెట్టాలంటే శీతాకాలంలోనే దరఖాస్తు పెట్టండి. నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 లోపు వచ్చిన దరఖాస్తులకు సెప్టిక్ సర్టిఫికెట్‌ను కౌంటీ తాత్కాలికంగా మినహాయించవచ్చు. అప్పుడు జూన్ 1 లోపు తనిఖీ జరగాలి, సెప్టెంబర్ 30 లోపు మీరు సర్టిఫికెట్ సమర్పించాలి.