తెర మీద 14.6, మీటరులో 13.4: రిమోట్ పడవ టెలిమెట్రీ చిక్కులు, వాటి విరుగుడు

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు వెళ్తే దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలే. అందులో ఒక గుంట నడిమధ్యలో నా రిమోట్ పడవ ఆగిపోయింది. కెమెరా బొమ్మ వస్తోంది, దాని మూలన బ్యాటరీ 14.6 వోల్టులని నిక్షేపంగా కనిపిస్తోంది, హెచ్చరిక మాత్రం ఒక్కసారీ మోగలేదు. మేత చల్లే తెప్ప మీద వెళ్లి దాన్ని లాక్కొచ్చిన కాపలా పెద్దాయన, "నాయనా, నీ టీవీలో అంతా బాగానే ఉందన్నావు కదా" అన్నాడు. గట్టు మీద కూర్చుని మల్టీమీటరు పెట్టి చూస్తే 13.4.

ఇలా పడవ నుంచి గట్టు మీదికి వచ్చే అంకెలనే టెలిమెట్రీ అంటారు. ఆ రోజు నుంచి తెర మీది అంకెను మీటరుతో పోల్చకుండా నమ్మడం మానేశాను. నా పడవలో ఉన్నది నాలుగు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ఆర్డూపైలట్ రోవర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఫ్లైట్ కంట్రోలర్ (పడవను నడిపే బోర్డు), అనలాగ్ కెమెరా. రిమోట్ కారుకైనా ఇవే చిక్కులు.

లక్షణం: బ్యాటరీ అయిపోయినా తెర మీద వోల్టేజీ ఎక్కువగానే ఉంది, అలారం మోగలేదు

కారణం నా తొందరపాటే. పాత బోర్డు కాలిపోతే కొత్తది పెట్టి, పాతదాని సెట్టింగుల ఫైలును అలాగే ఎక్కించాను. బోర్డు బ్యాటరీ వోల్టేజీని నేరుగా కొలవదు. రెండు రెసిస్టర్లతో దాన్ని తగ్గించుకుని కొలిచి, ఆ అంకెను మళ్లీ ఒక గుణకంతో పెంచి చూపిస్తుంది. పాత బోర్డు గుణకం 11.0. కొత్త బోర్డుకు అది పనికిరాదు.

బ్యాటరీని బోర్డుకు తగిలించి, మోటారు తిప్పకుండా, ప్లగ్గు దగ్గర మీటరుతో కొలవండి. అదే క్షణంలో తెర మీద ఎంత ఉందో రాసుకోండి. ఇప్పుడున్న గుణకాన్ని మీటరు అంకెతో గుణించి తెర అంకెతో భాగించాలి. నా లెక్క 11.0 × 13.4 ÷ 14.6, అంటే సుమారు 10.1. అది ఎక్కించాక నిండు బ్యాటరీతో ఒకసారి, సగం వాడిన దానితో ఒకసారి చూశాను. రెండుసార్లూ తేడా 0.1 వోల్టు లోపే వచ్చింది. మీటరులో సెల్లు తక్కువైతే దాని అంకె కూడా తప్పుతుంది, ముందు దాన్ని చూసుకోండి.

కరెంటు సెన్సారును సరిచూడటానికి చార్జరు చాలు. వాడకమంతా అయ్యాక, ఖర్చయిన చార్జి 2,100 మిల్లీయాంప్ అవర్లని తెర చూపి, చార్జరు 2,450 ఎక్కించిందనుకోండి. సెన్సారు గుణకాన్ని 2,450 ÷ 2,100, అంటే 1.17తో గుణించాలి. చార్జింగులో కొంత నష్టం ఉంటుంది కాబట్టి ఇది కొంచెం ఎక్కువే చూపుతుంది. ఆ తప్పు మనకు మేలు చేసేదే.

లక్షణం: యాక్సిలరేటర్ నొక్కగానే అలారం, వదలగానే నిశ్శబ్దం

ఇక్కడే చాలామంది విసిగిపోయి అలారం తీసేస్తారు. అలారం తప్పేమీ లేదు, బ్యాటరీ వోల్టేజీ నిజంగానే ఆ క్షణం కుంగుతోంది. సెల్లు లోపలి నిరోధం 5 మిల్లీఓముల చొప్పున నాలుగింటికి 20 అనుకుంటే, 30 ఆంపియర్లు లాగినప్పుడు 0.6 వోల్టు అక్కడే పోతుంది. నాలుగు సెల్లులకు నేను పెట్టుకున్న హద్దు 14.0, అంటే సెల్లుకు 3.5. అయితే వోల్టేజీ ఆ గీత దిగగానే కాకుండా, కొన్ని సెకన్ల పాటు దాని కిందే ఉంటేనే మోగేలా వ్యవధి పెట్టాను. ఆర్డూపైలట్‌లో ఈ వ్యవధి మామూలుగా 10 సెకన్లు. కరెంటు సెన్సారు ఉంటే, కుంగుబాటును లెక్కగట్టి తీసేసిన వోల్టేజీనే హెచ్చరికకు ఆధారం చేసుకోవచ్చు.

ఇదంతా చేసినా మోగుతూనే ఉంటే ప్లగ్గును వేలితో తాకి చూడండి. నాది చేయి పెట్టలేనంతగా కాలుతోంది. విప్పితే బంగారు రంగు పిన్ను మొదట్లో, టంకం పెట్టిన చోట, పచ్చగా చిలుము. ఉప్పునీటి తుంపరలు, సముద్రపు గాలి చేసిన పని అది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే రెండు వారాలు బాగుంది, తర్వాత మళ్లీ అదే కథ. చివరికి ప్లగ్గు మార్చి, టంకం మీద హీట్‌ష్రింక్ (వేడికి బిగుసుకునే) గొట్టం తొడిగాను. కుంగుబాటు సగానికి తగ్గింది. నన్నడిగితే ఈ తీరంలో ఏ సెట్టింగు ముట్టుకునే ముందైనా ప్లగ్గులు విప్పి చూడాలి.

లక్షణం: బొమ్మ ఉంది, అక్షరాలు లేవు

కంప్యూటర్ తీగతోనే నడుపుతున్నారా? చాలా బోర్డుల్లో అక్షరాలు రాసే చిప్పుకు యూఎస్‌బీ నుంచి కరెంటు అందదు. బ్యాటరీ తగిలించి బోర్డును మళ్లీ మొదలుపెట్టండి. అప్పటికీ లేకపోతే కెమెరా తీగ నేరుగా వీడియో ట్రాన్స్‌మిటర్‌కు వెళ్తోందేమో చూడండి. అది బోర్డు గుండానే వెళ్లాలి. సెట్టింగుల్లో ఓఎస్‌డీ (తెర మీద అక్షరాలు రాసే ఏర్పాటు) రకం కూడా మీ చిప్పుకు తగినదే ఉండాలి.

కింది వరుసలు మాత్రమే మాయమైతే కారణం వేరు. పాల్, ఎన్‌టీఎస్‌సీ అనేవి అనలాగ్ వీడియో పద్ధతులు. అక్షరాలు రాసే మ్యాక్స్ 7456 చిప్పు పాల్ పద్ధతిలో 16 వరుసలు, ఎన్‌టీఎస్‌సీలో 13 వరుసలు మాత్రమే రాస్తుంది. కెమెరా ఎన్‌టీఎస్‌సీలో ఉండి మీరు వోల్టేజీని 15వ వరుసలో పెడితే అది తెర బయటే ఉండిపోతుంది. కెమెరా పద్ధతి మార్చండి, లేదా ముఖ్యమైనవన్నీ పై 13 వరుసల్లో సర్దుకోండి. అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తుంటే ఫాంటు తప్పింది, సరైనది ఎక్కించండి.

లక్షణం: పడవ మాట వింటోంది, రిమోట్‌లో మాత్రం వోల్టేజీ రావడం లేదు

రిసీవరు నుంచి బోర్డుకు వెళ్లే తీగ బాగుంది, బోర్డు నుంచి రిసీవరుకు రావలసిన తీగ ఊడింది. రిసీవరు, బోర్డు మాట్లాడుకునే క్రాస్‌ఫైర్ పద్ధతిలో నడపడానికి మొదటిది ఒక్కటే చాలు కాబట్టి, రెండోది లేదని ఎవరికీ తెలియదు. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అనే రిమోట్ రేడియో వాడేవారికి సిగ్నల్ అంకెలు వస్తూ బ్యాటరీ అంకె రాకపోవడమే దీని గుర్తు. తీగ సరిచేశాక రిమోట్ టెలిమెట్రీ పేజీలో కొత్త సెన్సార్లను వెతకమనండి.

లక్షణం: వంద మీటర్లు దాటకముందే సిగ్నల్ హెచ్చరిక

రిమోట్ పాడైందని మరమ్మతుకు పంపకండి. పడవ యాంటెన్నా నీటికి జానెడు ఎత్తున ఉంటే ఇంతే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగానికి 300 మీటర్ల దారిలో నడిమధ్యన చుట్టూ దాదాపు 3 మీటర్ల వ్యాసార్ధం ఖాళీ కావాలి. నీరు అందులో సగాన్ని మింగేస్తుంది, మధ్యలో గట్టు అడ్డొస్తే మిగిలినదీ పోతుంది. పడవ మీద అడుగు పొడవు ఫైబర్ పుల్ల నిలిపి యాంటెన్నాను దాని కొసకు కట్టాను, నేను గట్టెక్కి నిలబడ్డాను. హెచ్చరిక ఆగింది.

లక్షణం: ఇంటి బాణం తప్పు దిక్కు చూపుతోంది

తెర మీద ఇంటి వైపు, అంటే బయల్దేరిన చోటు వైపు, దారి చూపే బాణం ఉంటుంది. ఆర్డూపైలట్ ఆర్మ్ చేసిన (మోటారు తిరగడానికి అనుమతిచ్చిన) చోటునే ఇల్లుగా గుర్తుపెట్టుకుంటుంది. ముందస్తు తనిఖీలు ఆపేసి, ఉపగ్రహాలు కుదురుకోకముందే ఆర్మ్ చేస్తే ఇల్లు పక్క గుంటలో పడుతుంది. స్పీడు పెంచినప్పుడే బాణం తిరుగుతుంటే మోటారు తీగలు దిక్సూచిని లాగుతున్నాయి. జీపీఎస్ డబ్బాను ఆ తీగలకు దూరంగా పైకెత్తి, రెండు తీగలనూ ఒకదానికొకటి పురిపెట్టి, దిక్సూచిని మళ్లీ కాలిబ్రేట్ చేయండి.

లక్షణం: అలారం మోగుతోందట, నాకు వినిపించడం లేదు

నాలుగు ఏరేటర్లు ఒకేసారి నీళ్లు చిలుకుతుంటే పక్క మనిషి మాటే వినబడదు, రిమోట్ స్పీకరు ఎంత? పైగా రోహిణి కార్తె ఎండలో తెర మీద మినుకుమినుకుమనే అంకె కంటికి ఆనదు. చాలా రిమోట్‌లలో వైబ్రేషన్ ఉంటుంది, దాన్ని బ్యాటరీ హెచ్చరికకు మాత్రమే కేటాయించండి. సిగ్నల్‌కు, ఉపగ్రహాలకు కూడా అదే పెడితే ఏది దేనికో తెలియదు. ఇప్పుడు నా అరచేతిలో రిమోట్ వణికితే, పెద్దాయన తెప్ప వైపు చూడకముందే పడవను గట్టుకు తిప్పేస్తున్నాను.