కథ రాయడం నేర్చుకుందాం – 3వ పాఠం: నూనె క్యూ

రెండో పాఠం ముగిసేసరికి మీ నోటుబుక్కులో ఒక పాత్ర తయారై ఉండాలి. పేరు మరియా, ఊరు రుమేనియా రాజధాని బుకారెస్ట్, కాలం 1985 జనవరి, ఉద్యోగం బట్టల మిల్లులో లెక్కల గుమాస్తా. ఈ పాఠంలో ఆమెను వంటనూనె కోసం క్యూలో నిలబెడతాం. ఒకే దృశ్యం, 900 మాటలు దాటకూడదు.

రాసేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు పాఠకుడికి కమ్యూనిస్టులనగానే కొండ, అడవి, తుపాకీ, రాత్రిపూట సోదా గుర్తొస్తాయి. ఇక్కడ వాళ్లు సర్కారుతో పోరాడినవాళ్లు. మీ కథలో పార్టీయే సర్కారు. మిల్లు దానిదే, మరియా అద్దెకుంటున్న ఇల్లు దానిదే, నూనె అమ్మే కొట్టూ దానిదే. మొదటి పేరాలోనే కౌంటరు, సంచి, చిల్లర కనబడితే పాఠకుడు అడవిలోంచి బయటికి వచ్చేస్తాడు. తుపాకీ ఊసే అక్కర్లేదు.

రెండో చిక్కు మన రేషన్ డిపోతో వస్తుంది. మన క్యూ తక్కువ ధర కోసం. సరుకు రాకపోతే తిట్టుకుంటూ పోయి బజార్లో ఎక్కువ పెట్టి కొంటాం. మరియాది బీదరికం కాదు. జీతం నెలనెలా వస్తుంది, పర్సులో డబ్బుంది, కొందామంటే నూనె లేదు. ఈ తేడా పట్టుబడకపోతే మీరు రాసింది కరువు కథ అయిపోతుంది. కారణం మీకు తెలిసి ఉండాలి: 1980ల మొదట్లో రుమేనియా విదేశీ అప్పు సుమారు 1,000 కోట్ల డాలర్లు. మొత్తం తీర్చేయాల్సిందేనని దేశాధినేత చౌషెస్కు పట్టుబట్టాడు. తిండి సరుకులు ఓడలెక్కాయి. 1989లో అప్పు తీరింది, ఆ డిసెంబరులోనే ప్రభుత్వం కూలింది. ఇందులో ఒక్క ముక్క కూడా మరియా నోట రాకూడదు.

కథకు ముడి 1981 అక్టోబరు నాటి డిక్రీలో, అంటే సర్కారు ఉత్తర్వులో ఉంది. ఒక కుటుంబానికి నెలకు సరిపడేదానికన్నా ఎక్కువ నూనె, చక్కెర, పిండి, బియ్యం, కాఫీ వంటివి కొని దాచుకుంటే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. అంటే అలమరలోని సీసాలు ఎవరైనా లెక్కపెడితే చాలు. రెండో సీసా అడిగిన మనిషి వంక క్యూ ఎలా చూస్తుందో ఇక మీరే ఊహించుకోవచ్చు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. చాలామంది ఈ పని చేయరు, అందుకే వాళ్ల క్యూలు గాల్లో తేలుతుంటాయి. కొట్లోకి 3 పెట్టెలు దిగాయి, పెట్టెకు 12 సీసాలు, మొత్తం 36. కౌంటరావిడ తనవాళ్లకని 6 తీసి వెనక పెట్టింది. మిగిలినవి 30, మనిషికొకటి. మరియా 28వ మనిషి, అంటే దొరకాలి. ముందున్నవాళ్లలో ఇద్దరు ఏదో వంక చెప్పి రెండేసి తీసుకుంటే ఆమెకు ఆఖరి సీసా వస్తుంది. ముగ్గురు తీసుకుంటే ఉత్త చేతులే. ఈ అంకెల్ని కథలో అక్కడక్కడ జారవిడవండి. పాఠకుడు తనంతట తానే లెక్కపెట్టడం మొదలుపెడతాడు. ఇక మీరు 'ఉత్కంఠ' అనే మాట రాయనక్కర్లేదు.

క్యూలో మనుషులు నలుగురు చాలు. తనకూ పక్కింటివాళ్లకూ కలిపి చీకటితోనే వచ్చి నిలబడ్డ పింఛనుదారు ఒకరు. చంటిబిడ్డ తల్లి. కౌంటరావిడ. ఎవరికీ తెలియని కొత్తాయన. మిగతావాళ్ల బదులు సంచులు, ఖాళీ సీసాలు వరసలో పెట్టండి, అక్కడ జాగా అలాగే పట్టేవారు. కౌంటరావిడను రాక్షసిని చేయకండి. ఆ వీధిలో మామూలు మనుషులందరిలోకీ పలుకుబడి ఆమెదే. డాక్టరు కూడా ఆమెతో నవ్వుతూ మాట్లాడతాడు. అది రాస్తే చాలు. కొత్తాయనకు నల్లకళ్లద్దాలు పెట్టకండి. సెక్యురితాతె, అంటే రహస్య పోలీసు, అతన్ని పంపిందో లేదో మీరు కూడా తేల్చొద్దు. క్యూకి తెలియనిది కథకుడికీ తెలియకూడదు.

సంభాషణకు పేజీని నిలువుగా మూడు గడులు చేయండి: అన్నమాట, అనుకున్నమాట, వినేవాడికి తోచేమాట. మొదటి గడి మాత్రమే కథలోకి వెళ్తుంది.

నమూనా:

పెద్దాయన వెనక్కి తిరిగి, "ఈసారి సీసాలు కాస్త చిన్నగా ఉన్నట్టున్నాయే" అన్నాడు.

మరియా సంచీ చెయ్యి మార్చుకుంది. "చలికి అలా కనిపిస్తాయేమోనండీ."

ఎవరో నవ్వారు. కొత్తాయన నవ్వలేదు. "నాకు సరిగ్గానే ఉన్నట్టున్నాయి" అన్నాడు.

తరవాత చాలాసేపు అందరూ బూట్ల మీది మంచు దులుపుకున్నారు.

పెద్దాయన ఫిర్యాదు చేశాడు. మరియా దాన్ని హాస్యంలోకి తిప్పి ఆయన్ని కాపాడింది. కొత్తాయన ఆ దారి మూసేశాడు. ఎవరూ భయపడుతున్నామని అనలేదు. ఇంట్లో తెలుగు, తహసీల్ ఆఫీసులో ఒడియా మాట్లాడే మీకు ఈ విద్య కొంత వచ్చు. గుమాస్తా తలెత్తి చూడగానే మారేది భాషొక్కటే కాదు, గొంతు తగ్గుతుంది, వాక్యం పొట్టిదవుతుంది, నిలబడే తీరు సర్దుకుంటుంది. భాషను పక్కనపెట్టి ఆ మిగతా మార్పులను మరియాకు ఇవ్వండి. పిలుపుల్లో మాత్రం అక్కా, పిన్నీ రానివ్వకండి, బుకారెస్ట్ కాస్తా గుణుపురం అవుతుంది.

ఎక్కువగా తప్పేది రెండుచోట్ల. ఒకటి, "1981 నుంచీ మనకు రేషనే కదా" లాంటి మాటలు. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరికొకరు చెప్పుకోరు. అలాంటి వాక్యం కొట్టేసి దాని బదులు ఒక వస్తువు పెట్టండి: గదికొక్క 40 వాట్ల బల్బు, సన్నగా వెలిగే గ్యాసు మంట, రోజుకు 2 గంటలే వచ్చే టీవీ. రెండోది, చివర్లో హీరో గొంతెత్తి అరవడం. అరిచిన మనిషిని ఆ రాత్రి ఏం చేశారో రాయాలి, అది 900 మాటల్లో పట్టదు. మరియా చేయగలిగిన పని చిన్నది: తనకొచ్చిన ఆఖరి సీసాను కోటు కింద పెట్టుకోవాలా, నలుగురికీ కనిపించేలా పట్టుకెళ్లాలా? ఆ ఎంపిక దగ్గర దృశ్యం ఆపేయండి.

అభ్యాసం: ఇదే దృశ్యాన్ని రెండుసార్లు రాయండి, ఇద్దరు రెండేసి తీసుకున్న లెక్కతో ఒకసారి, ముగ్గురి లెక్కతో ఒకసారి. రెండోదాంట్లో కౌంటరావిడ వెనక దాచిన 6 సీసాల సంగతి మరియాకు తెలుసు. ఆ తెలిసిన సంగతిని మాటల్లో రానివ్వకండి.

నాలుగో పాఠం మిల్లు ఆఫీసులోని టైపుమిషను మీద. 1983 డిక్రీ ప్రకారం మిషన్లను పోలీసుల దగ్గర నమోదు చేయించి అక్షరాల నమూనా ఇవ్వాలి, ఏ కాగితం ఏ మిషను మీద కొట్టారో పోల్చి పట్టుకోవడానికి. అందుకని మరియా మిషనుకు ఒక లోపం ఇప్పుడే ఎంచుకోండి. ఏదో ఒక అక్షరం గీతకు కాస్త దిగువన పడుతుందనుకుంటే సరిపోతుంది. ఆ లోపం ఎవరెవరికి తెలుసో మూడు పేర్లు రాసుకుని రండి.