కొత్త ప్లాన్ రాసే ముందు పాత ఏడాది లెక్క చూసుకుందాం

డిసెంబర్ వచ్చిందంటే చాలామందిమి ఒకే పని చేస్తాం. కొత్త డైరీ కొని, మొదటి పేజీలో పొద్దున్నే లేవాలి, బరువు తగ్గాలి, డబ్బులు దాచాలి అని రాసుకుంటాం, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి ఆ డైరీ ఎక్కడ పెట్టామో కూడా గుర్తుండదు. నేనూ ఆరేడేళ్లు ఇలాగే చేశాను. ఇల్లు మారేటప్పుడు మూడు పాత డైరీలు బయటపడ్డాయి, మూడింట్లోనూ మొదటి పేజీ దాదాపు ఒకటే. గడిచిన ఏడాది ఎలా గడిచిందో చూడకుండానే ప్రతిసారీ వచ్చే ఏడాదికి రాసేస్తున్నానని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ముందు పాత లెక్క చూసుకుని, తర్వాతే కొత్తది రాస్తున్నాను. ఎలా చేస్తానో చెప్తాను, మీకు వీలైనట్టు మార్చుకోండి.

ముందు టైం సంగతి. 31 రాత్రి ఈ పని పెట్టుకోవద్దు. ఇంట్లో హడావుడి, ఫోన్లు, బయట ఫ్లైఓవర్లు మూసేసి ట్రాఫిక్, మనసు నిలవదు. డిసెంబర్‌లో చివరి రెండు ఆదివారాలు పొద్దున రెండేసి గంటలు పక్కన పెట్టండి. మొదటి ఆదివారం వెనక్కి చూడడానికి, రెండోది ముందుకి. రెండూ ఒకే పూట పెట్టుకుంటే వెనక్కి చూడడం పావుగంటలో ముగించి ప్లాన్‌లోకి వెళ్లిపోతాం. ఇంట్లో కుదరకపోతే దగ్గర్లోని పార్కులో ఏ చెట్టు కిందైనా కూర్చోవచ్చు, డిసెంబర్ ఎండ హాయిగా ఉంటుంది. 200 పేజీల నోట్‌బుక్ చాలు.

ఇక అసలు పని. ఏడాది ఎలా గడిచిందని ఎవరినైనా అడిగితే చివరి రెండు నెలల గురించే చెప్తారు. దసరా నుంచి బాగా గడిస్తే ఏడాదంతా బాగున్నట్టు, నవంబర్‌లో ఏదైనా దెబ్బ తగిలితే ఏడాదంతా పాడైనట్టు అనిపిస్తుంది. అందుకే గుర్తున్నదాన్ని నమ్మకుండా సాక్ష్యాలు ముందు పెట్టుకోండి. ఫోన్ గ్యాలరీ జనవరి నుంచి చూడండి, బ్యాంకు స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోండి, యూపీఐలో ఎవరికి ఎంత పంపారో చూడండి, డాక్టర్ ఫైలు, ఆఫీసు క్యాలెండర్ తీయండి. నెల పేరుతో ఏమీ గుర్తు రాకపోతే పండగలతో వెతకండి. సంక్రాంతికి ఎక్కడున్నాం, ఉగాదికి ఇంట్లో ఎవరున్నారు, మృగశిర కార్తె రోజు చేపలు ఎవరు తెచ్చారు, బోనాలప్పుడు ఆఫీసులో ఏం నడుస్తోంది, నిమజ్జనం రోజు మన మధ్య ఏ గొడవ జరిగింది, బతుకమ్మకి ఎవరు రాలేదు. మన బుర్రలో ఏడాది ఇలాగే దాచిపెట్టి ఉంటుంది. ఒక్కో నెలకి ఒక్కో పేజీ, నాలుగైదు లైన్లు చాలు, ఇక్కడ మంచీ చెడూ తేల్చకండి, జరిగింది రాయండి అంతే.

పన్నెండు పేజీలు అయ్యాక ఒక పెద్ద పేజీని నాలుగు గళ్లు చేయండి. ఉగాది రోజు పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం ఎంతెంతో చెప్తారు కదా, ఆ నాలుగే మన గళ్లు. పంచాంగం రాబోయే ఏడాదికి చెప్తుంది, మనం గడిచినదానికి రాసుకుంటాం. జీవితాన్ని చూసుకోవడానికి ఇంతకంటే మంచి పట్టిక నాకు దొరకలేదు, ఎందుకంటే ఇందులో డబ్బుతో పాటు మర్యాద కూడా లెక్కలోకి వస్తుంది.

ఆదాయంలో జీతంతో ఆగకండి. నేర్చుకున్న పని, కొత్తగా దగ్గరైన మనిషి, తగ్గిన అప్పు, అన్నీ రాయండి. వ్యయంలో డబ్బుతో పాటు టైం కచ్చితంగా రాయాలి. నేను హైదరాబాద్‌లో హబ్సిగూడ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తాను, ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు సీటు దాకా గంటన్నర, రానూపోనూ మూడు గంటలు. ఏడాదికి 240 పని దినాలు వేసుకుంటే 720 గంటలు, అంటే రాత్రీపగలూ కలిపి 30 రోజులు. ఏడాదిలో ఒక నెల మొత్తం దారిలోనే పోయిందని కాగితం మీద చూసేదాకా నాకు తెలియదు. మీ దారి లెక్క కూడా వేసుకోండి.

రాజపూజ్యం అంటే ఎక్కడ మన మాటకి విలువ దొరికింది, ఎవరు మనల్ని వెతుక్కుంటూ వచ్చారు అని. ఇది రాయడానికి మనకి మొహమాటం, అయినా రాయండి, ఏ పనిలో మనం నిజంగా బాగున్నామో అక్కడే తెలుస్తుంది.

అవమానం గడి దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. జూన్‌లో ఒక మీటింగ్‌లో నా పని గురించి అందరి ముందు ఒక మాట అన్నారు. ఆరు నెలలు ఆ మాటే మోసుకుని తిరిగాను, ఉద్యోగం మానేద్దామని కూడా అనుకున్నాను. నాలుగు గళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, రాజపూజ్యంలో ఆ ఆఫీసు మూడుసార్లు ఉంది. నన్ను అసలు అలిసిపోయేలా చేస్తున్నది ఆ 720 గంటల దారి. ఆ గడి నింపకపోయి ఉంటే కోపంలో రాజీనామా ఇచ్చేదాన్ని. ఇదే గడిలో ఇంకో సగం ఉంది, మనం ఎవరిని చిన్నబుచ్చామో అది. చుట్టాల ముందు పాపని మార్కుల గురించి అన్న రోజు అక్కడ రాసుకున్నాను.

రాశాక ఇంట్లో వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఏడాది నా వల్ల నీకేం తక్కువైంది? మధ్యలో సమాధానం చెప్పకుండా వినండి, అదే కష్టం. మా పాప మార్కుల సంగతి ఎత్తలేదు. "అమ్మా, నుమాయిష్‌కి తీసుకెళ్తా అన్నావు, వెళ్లలేదు" అంది. నుమాయిష్ అంటే మా నాంపల్లిలో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్. అత్తమ్మ ఏమీ అనలేదు కానీ ఆమె ఫైలు తీసి చూస్తే, డాక్టర్ మూడు నెలలకోసారి చేయించమన్న షుగర్ టెస్టు ఏడాదిలో ఒక్కసారే ఉంది.

ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న ఏడాదైతే ఇదంతా పక్కన పెట్టండి. సంవత్సరీకం అయ్యేదాకా ఇల్లు మామూలుగా ఉండదు, లెక్కలు కూడా ఆగవచ్చు. ఉద్యోగం పోయిన ఏడాదైతే మాత్రం చేయండి, ఆ ఒక్క సంగతి మిగతా పదకొండు నెలల్నీ మింగేసి ఉంటుంది, వాటిని బయటకి తీసుకోవాలి.

రెండో ఆదివారం ప్లాన్ రాయండి, మూడే మూడు లైన్లు. ఆపేది ఒకటి, అలాగే కొనసాగించేది ఒకటి, కొత్తది ఒకటి. ప్రతి లైనూ ఆ నాలుగు గళ్లలో ఏదో ఒకదాని నుంచి పుట్టాలి, లేకపోతే కొట్టేయండి. ఆరోగ్యం చూసుకోవాలి లాంటి మాటలు వద్దు, తేదీ ఉండాలి, ఎవరు చేస్తారో ఉండాలి, ఎంత ఖర్చో ఉండాలి. నావి ఇలా వచ్చాయి: వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడగడం, జనవరి 10 లోపు. రాత్రి భోజనం అందరం కలిసి చేయడం, అది ఈ ఏడాది బాగా నడిచింది, అలాగే ఉంచాలి. అత్తమ్మ టెస్టు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ మొదటి శనివారం, తీసుకెళ్లేది మా ఆయన.

ఏడాది మొత్తానికి ఒకేసారి రాసి వదిలేయకండి, ఉగాది దాకా అనుకోండి. అది మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది, దాదాపు మూడు నెలలు. పచ్చడి తిన్నాక ఆ నోట్‌బుక్ తెరిచి మూడు లైన్లూ చూడండి, నడవనిది ఉంటే మార్చండి.

మూడు లైన్లే అన్నాను కానీ, నుమాయిష్ మామూలుగా జనవరి 1న మొదలై నెలన్నర దాకా ఉంటుంది కాబట్టి రెండో శనివారం సాయంత్రం పాప పేరు కూడా రాసి పెట్టాను.