పదో తరగతి బ్యాచ్ విందు: కనుమ సాయంత్రం, 60 విస్తళ్లు

పాతికేళ్లకో ముప్ఫయ్యేళ్లకో కలిసే బ్యాచ్ విందు వంటల దగ్గర పాడవదు, మైకు దగ్గర పాడవుతుంది. సన్మానాలు సాగుతూ ఉంటాయి, వేపుళ్లు చల్లారిపోతాయి, దూరం వెళ్లాల్సినవాళ్లు చేతిగడియారం చూసుకుంటూ సగంలో లేస్తారు. కాబట్టి ముందు భోజనం వేళ రాసుకుని, మిగతా కార్యక్రమం దాని చుట్టూ సర్దుకోవాలి. ఇక్కడి లెక్కలన్నీ 60 మందికి. అందులో 45 మంది మాంసాహారులు అనుకుందాం.

రోజు విషయంలో గోదావరి జిల్లాలకు కనుమ సాయంత్రాన్ని మించింది లేదు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, అంటే ఊరొచ్చినవాళ్లంతా ఊళ్లోనే ఉంటారు. ఆడపిల్లలు పుట్టింటికి వచ్చి ఉంటారు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల దీక్షలు కూడా చాలావరకు మకరజ్యోతితో ముగుస్తాయి. ఒక్క చిక్కు ఉంది. కోనసీమలో అంబాజీపేట పక్కన జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంటే ఊరూరి నుంచి ప్రభలు మోసుకొచ్చే పెద్ద జాతర, జరిగేది ఆ రోజే. బడి ఆ దారిలో ఉంటే ముక్కనుమకు జరపండి. వేసవి సెలవుల్లో పెట్టే ఆలోచన ఉంటే మాత్రం కాలువలకి నీళ్లు ఆపేసే రోజులని గుర్తుంచుకోవాలి, చేతులు కడుక్కోవడానికి కూడా ట్యాంకరు చెప్పుకోవాల్సి వస్తుంది. కార్తికంలో సగం మంది ముక్క ముట్టరు.

రైలు రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. పండగ వెనకాల నర్సాపురం నుంచి హైదరాబాదు వెళ్లే బండ్లలో బెర్తు కావాలంటే నవంబరు మధ్యలోనే పట్టుకోవాలి. అంటే దసరా నాటికే రోజు ఖాయం చేసి అందరికీ చెప్పాలి.

మనుషుల్ని వెతకడానికి వాట్సాప్ ఒక్కటే చాలదు. హెడ్మాస్టరుకు ఉత్తరం ఇచ్చి, పాత అడ్మిషన్ రిజిస్టరు చూడనివ్వమని అడగండి. అందులో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. మగపిల్లలు ఎలాగోలా దొరుకుతారు. ఆడపిల్లలకు పెళ్లితో ఇంటిపేరు మారి ఉంటుంది, ఫోన్లో వెతికితే దొరకరు. పుట్టింటి ఊరికి మనిషి వెళ్లి అన్నదమ్ముల్ని అడగాల్సిందే. ఆ పని క్లాసులో చదివిన ఆడవాళ్లకే అప్పగిస్తే ఇంట్లో అనుమానాలు రావు. పోయినవాళ్ల పేర్లు ముందే నిర్ధారించుకోవాలి. మైకులో ‘వాడేడిరా’ అని అడిగాక తెలియడం ఘోరం.

డబ్బు ఒక్కరి దగ్గరే ఉండాలి. తలకి ఇంతని అందరికీ ఒకటే మొత్తం. ఎక్కువ ఇస్తానన్నవాళ్ల డబ్బు మేష్టార్ల బట్టలకి, టెంటుకి వాడండి, పేరు మాత్రం ప్రకటించొద్దు. ఇవ్వలేనివాళ్లు ఎవరో ఆ ఒక్కరికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ‘తప్పకుండా వస్తాన్రా’ అన్నవాళ్లని కాదు, డబ్బు వేసినవాళ్లని లెక్కపెట్టి, ఆ పైన అయిదు విస్తళ్లు కలుపుకోండి. మొదటి కలయికకి భార్యాభర్తల్ని, పిల్లల్ని పిలవకపోవడమే మేలు. వాళ్లకి పరిచయాలు చేసేసరికే పొద్దుపోతుంది.

చోటు బడి ఆవరణ అయితే అనుమతి కాగితం రాయించుకోండి. అక్కడ మందు ఊసే వద్దు. కొబ్బరితోట అయితే వారం ముందే దింపు తీయించండి, అంటే కాయలు కోయించేయండి. కాయలున్న చెట్టు కింద కుర్చీ వేస్తే ఏ క్షణాన ఏది పడుతుందో చెప్పలేం. వాన రాదు కదా అని షామియానా మానొద్దు, సంక్రాంతి రోజుల్లో ఏడు దాటితే మంచు నేరుగా విస్తట్లోకే దిగుతుంది. చుట్టూ దాళ్వా (రెండో పంట వరి) మళ్లల్లో నీళ్లుంటాయి, పురుగూ దోమా దీపాలకి వస్తాయి. పెద్ద లైట్లు వడ్డన బల్లలకి ఇరవై అడుగుల అవతల కట్టి, బల్లల మీద చిన్నవి పెట్టించండి. తాగునీటికి 20 లీటర్ల టిన్నులు ఆరు చాలు. తీరానికి దగ్గరి ఊళ్లల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వంటకి కూడా విడిగా తెప్పించండి.

ఇక వంట. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి నాలుగున్నరకి వేడి గారెలు, వాటితోపాటు కాల్చిన తేగలు, ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్కలు. బడి గేటు దగ్గర కొనుక్కున్న రుచులు ముందుగా నోట్లో పడితే మాటలు వాటంతటవే వస్తాయి.

చేపల పులుసుకి పులస అడిగేవాళ్లు ఉంటారు. పులస గోదావరికి వరద నీళ్లొచ్చినప్పుడు ఎదురీదే చేప, జనవరిలో ఎవరైనా తెస్తే అది ఫ్రిజ్‌లోదో సముద్రపు ఇలసో. పైగా దాన్నిండా సన్నటి ముళ్లు, కబుర్లు చెప్పుకుంటూ తినే చేప కాదు. బొచ్చె, శీలావతికీ అదే ఇబ్బంది. పండుగప్ప తీసుకోండి, ముళ్లు తక్కువ, ముక్క చెదరదు. ఒక్కోటి రెండు మూడు కిలోలు తూగేవి 10 కిలోలు కొంటే, తల, పొట్ట పోను ఏడు కిలోల పైచిలుకు ముక్కలొస్తాయి, మనిషికి రెండు. తలలు పారేయొద్దు, పులుసుకి చిక్కదనం వాటితోనే.

దానికి ఉల్లిపాయలు రెండు కిలోలు, చింతపండు 400 గ్రాములు, కారం 200 గ్రాములు, నూనె ఒక లీటరు. ఉప్పు కొంచెం తక్కువ వేసి చివర్లో సరిచూసుకోండి. ఒకే లోతు గిన్నెలో పెడితే అడుగు ముక్కలు నుజ్జవుతాయి, అందుకని రెండు వెడల్పాటి స్టీలు గిన్నెలు. కళాయి లేని ఇత్తడిలో పులుపు పడితే కిలుము దిగుతుంది. ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిర్చి మగ్గాక చింతపండు రసం పోసి, నూనె పైకి తేలేదాకా, అంటే ఇరవై నిమిషాలు మరగనివ్వాలి. ముక్కలు ఆ తర్వాతే. ముక్క పడ్డాక గరిటె పెట్టకూడదు. ఇద్దరు చెరో పక్క మసిగుడ్డతో పట్టుకుని గిన్నెని గుండ్రంగా తిప్పాలి. మరో పావుగంటకి దించేయొచ్చు. మధ్యాహ్నం మూడింటికి పొయ్యి దిగిపోతే వడ్డన వేళకి ముక్కకి పులుపు పడుతుంది. వడ్డించే ముందు అంచులు బుడగలొచ్చేదాకా మళ్లీ వేడి చేయాలి.

రొయ్యల వేపుడుది దీనికి తలకిందుల లెక్క, విస్తళ్లు వేసేటప్పుడే పొయ్యి మీదికి ఎక్కించాలి. ముందే చేస్తే రబ్బరు ముక్కలవుతాయి. 40 కౌంటు (కిలోకి నలభై తూగే) రొయ్యలు ఏడు కిలోలు తెస్తే వలిచాక నాలుగు కిలోల లోపే మిగులుతాయి. వలిచేవాళ్లకి వీపు మీది నల్ల నరం తీయమని విడిగా చెప్పాలి. కోడికూర అందరూ తింటారని ఎక్కువ చేస్తారు, ఎనిమిది కిలోలు సరిపోతుంది. తెల్లన్నానికి ఏడున్నర కిలోల బియ్యం, పులిహోరకి మూడు, కందిపప్పు రెండు కిలోలు, పెరుగు ఏడు కిలోలు. శాకాహారులకి ఆవ పెట్టిన పనసపొట్టు, గుత్తివంకాయ వేరే పొయ్యి మీద, వేరే గరిటెలతో. ఆత్రేయపురం పూతరేకులు ఆ రోజువే తెప్పించి, మూత ఉన్న డబ్బాలోంచి వడ్డించేటప్పుడే తీయాలి. మంచు తగిలితే రేకు మెత్తబడి వేళ్లకి అంటుకుంటుంది.

బఫే వద్దు. పళ్లెం పట్టుకుని నిలబడితే పక్కనున్నవాళ్లతో మాట సాగదు. బల్లలతో బంతి వేయండి. ఆరడుగుల బల్లకి ముగ్గురు, అంటే 20 బల్లలు, పదేసి చొప్పున ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యలో వడ్డించేవాళ్లు తిరిగేంత దారి. ఎనిమిది మంది వడ్డిస్తే అందరూ ఒకే బంతిలో లేస్తారు. మేష్టార్లతోపాటు గంట కొట్టిన అటెండరునీ ముందు వరసలోనే కూచోబెట్టాలి. పేరు చీటీలు కళ్లజోడు లేకుండా కనిపించేంత పెద్ద అక్షరాలతో రాయండి. పాత వెక్కిరింపు పేర్లు వాళ్లంతట వాళ్లు ఒప్పుకుంటేనే.

మైకు అయిదింటికి మొదలై ఆరుంబావుకి ఆగిపోవాలి. పోయినవాళ్ల పేర్లు ఒకసారి చదివి నిమిషం మౌనం, తర్వాత మేష్టార్లకి కొత్త బట్టలు, అంతే. శాలువాలు వాళ్ల ఇంట్లో బీరువా నిండా ఉంటాయి. పదో తరగతి గ్రూపు ఫొటో ఎవరి పెట్టెలోనో ఉంటుంది. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేయించి, కింద పేర్లతో ఫ్రేము కట్టించి ఇస్తే గోడకెక్కుతుంది. ఒక్కొక్కళ్ల స్వపరిచయం మైకులో పెట్టొద్దు, మనిషికి రెండు నిమిషాలన్నా రెండు గంటలు. అది బంతిలో దానంతటదే జరుగుతుంది.

ఏడింటికి విస్తళ్లు, ఎనిమిదికి మేష్టార్ల కారు కదలాలి. ఆడవాళ్లకి ఊరి వారీగా బళ్లు ముందే కట్టండి. సఖినేటిపల్లి వైపు వాళ్లుంటే నర్సాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎంతదాకా తిరుగుతుందో ఆ ఉదయమే కనుక్కోవాలి, తప్పితే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. కాలువ గట్టు రోడ్లకి చాలాచోట్ల అంచు గోడలుండవు, తాగినవాళ్ల చేతికి తాళాలు ఇవ్వొద్దు.

జమాఖర్చులు మర్నాడు పొద్దున్నే గ్రూపులో పెట్టేయండి. మిగిలిన పులుసు ఆ పూటకి ఇంకా బావుంటుంది, రాత్రే మరగబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకున్న స్థానికులే తినేయాలి. దాన్ని మాత్రం రైలెక్కించొద్దు. మూత ఎంత బిగించినా గుడివాడ వచ్చేసరికి బ్యాగులో ఉంటుంది.