ప్రోగ్రాంతో నేత డిజైన్లు – 3వ పాఠం: లూప్‌లో లూప్

గత పాఠంలో ఒక ఫర్ లూప్‌తో ఒక్క వరుస గుర్తులను ప్రింట్ చేశాం. ఈసారి పైథాన్‌లో ఒక లూప్ లోపల మరొక లూప్‌ను పెట్టి, వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాల తరహాలో ఒక డైమండ్ అంచును తయారు చేద్దాం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ జంపఖానాలలో డిజైనంతా పడుగు, పేకల లెక్క కనుక ఏటవాలు గీత కూడా మెట్లు మెట్లుగానే వస్తుంది. తెర మీద మన గుర్తులకూ అదే కట్టుబాటు.

ముందుగా గళ్ల కాగితం మీద 9 అడ్డు వరుసలు, 9 నిలువు వరుసలు గీసి, రెండింటికీ 0 నుంచి 8 వరకు అంకెలు వేసుకోండి. ఏ గడికైనా దాని అడ్డు వరుస అంకెకు, 4కు గల తేడాను, నిలువు వరుస అంకెకు, 4కు గల తేడాను కలపాలి. మొత్తం సరిగ్గా 4 అయితే చుక్కగుర్తు (\*), కాకపోతే బిందువు (.). తేడాలో రుణ గుర్తును తొలగించేందుకు అబ్స్ ఫంక్షన్ ఉంది. 2వ వరుసను చేత్తో లెక్కగడితే 2, 6 గడులు మాత్రమే నిలుస్తాయి:

..\*...\*..

వరుసలోని గుర్తులన్నిటినీ ఒక స్ట్రింగ్‌లో చేర్చుకుని, లోపలి లూప్ ముగిసిన తరువాతనే ప్రింట్ చేయాలి. ప్రింట్ పొరపాటున లోపలి లూప్‌లో పడిందంటే ప్రతి వరుసా తొమ్మిదేసి సార్లు, ఒక్కో గుర్తు పెరుగుతూ దిగుతుంది. (చూడముచ్చటగానే ఉంటుంది గానీ, మనకు కావలసింది అది కాదు.)

ఇక అంచు పొడవునా డైమండ్లు రావాలంటే నిలువు అంకెను నేరుగా వాడకుండా, దానిని భాగించగా వచ్చే శేషాన్ని వాడాలి. డైమండ్ వెడల్పు 9 కదా అని నేను మొదట 9తో భాగించాను. 4వ వరుసలో 8, 9 గడులు రెండింటిలోనూ చుక్కగుర్తులు పడి, కలిసే చోట మొన మొద్దుబారింది. పక్కపక్క డైమండ్లు ఒకే మొనను పంచుకోవాలి కనుక భాగించవలసినది 8తో. మూడు డైమండ్లకు 27 కాక 25 గడులు చాలడం కూడా ఇందువల్లనే.

1982 నాటి కొమొడోర్ 64 కంప్యూటర్‌లో బేసిక్ భాషలో రాసిన ఒకే ఒక్క వరుస ప్రోగ్రాం, రెండు ఏటవాలు గుర్తులను ఎడాపెడా పరుస్తూ తెర నిండా చిక్కుదారులు అల్లేది. సరదాకు ప్రోగ్రాములు రాసేవారికి అదంటే నేటికీ మక్కువ. కానీ అంచుకు అదృష్టం పనికిరాదు, లెక్కే కావాలి.

అభ్యాసం: మొత్తం 2 లేదా అంతకన్నా తక్కువ అయిన గడులలో మరో గుర్తు నింపండి. వచ్చే పాఠంలో ఆ రెండు గుర్తులకు రంగులు అద్దుదాం.